నేర బాధితులకు ప్రభుత్వ ఆర్థిక సాయం: నల్లగొండ, పాలమూరు జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి, కత్తిపోట్లు, వరకట్న చావు, పిల్లల మీద లైంగిక దాడి వంటి నేరాల్లో బాధితులకు, వారి కుటుంబాలకు ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బు ఉంది. ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో దీని గురించి మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలను ఇక్కడ ఒకచోట పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఈ డబ్బు చట్టం ఇచ్చిన హక్కు. దీని కోసం నిందితుడికి శిక్ష పడేదాకా ఎదురు చూడాల్సిన పని లేదు.

## దాడి జరిగిన తొలి రోజుల్లో

ఠాణాల కేసు రాసుకుంటలేరు. కేసు లేకుంటే పైసలు రావా?

దరఖాస్తుకు మొదటి ఆధారం ఎఫ్‌ఐఆర్ కాబట్టి దాన్ని ఎలాగైనా నమోదు చేయించాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. "అది మా పరిధి కాదు, మిర్యాలగూడకు పొండి" అని తిప్పి పంపే వీలు లేదు. ఎఫ్‌ఐఆర్ నకలు అప్పటికప్పుడు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోనంటే అదే ఫిర్యాదును రాతపూర్వకంగా జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయవచ్చు. ఎఫ్‌ఐఆర్ లేనప్పుడు ఆ ఫిర్యాదు నకలుతోనైనా పరిహారానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

దవాఖానల ముందుగాల పైసలు కట్టుమంటున్నరు. ఏం చేయాలె?

అత్యాచారం, యాసిడ్ దాడి, పిల్లల మీద లైంగిక దాడి కేసుల్లో ప్రభుత్వ దవాఖానైనా ప్రైవేటు దవాఖానైనా వెంటనే, ఉచితంగా చికిత్స చేయాలి. ఆ మాట నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్‌లో ఉంది. అత్యాచార, యాసిడ్ బాధితులకు చికిత్స నిరాకరించిన దవాఖాన బాధ్యులకు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షల చట్టం) 200వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు పడవచ్చు. కౌంటర్ దగ్గర వాదన పెరిగితే ఈ రెండు సెక్షన్ల నంబర్లు కాగితం మీద రాసి సూపరింటెండెంటుకు ఇవ్వండి. నోటి మాటకు దొరకని జవాబు రాతకు దొరుకుతుంది.

కత్తిపోట్లు, తలపగలడం వంటి మిగతా దాడుల్లో దారి వేరు. స్టేషన్ హౌస్ ఆఫీసర్ గానీ మేజిస్ట్రేటు గానీ ధ్రువపత్రం ఇస్తే, ఉచిత వైద్యం అందేలా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ (జిల్లా కోర్టు ఆవరణలో ఉండే ఉచిత న్యాయ సాయ సంస్థ) ఆదేశాలు ఇవ్వగలదు. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కూడా అడగండి. దాని పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. సొంతంగా పెట్టిన ఖర్చుకు ప్రతి బిల్లూ దాచాలి. మందుల షాపులో తెల్లకాగితం మీద రాసిచ్చే లెక్క చెల్లదు, బాధితుల పేరుతో ముద్రించిన బిల్లు అడగండి.

గాయాల సర్టిఫికెట్ల 'మామూలు గాయం' అని రాసిండ్రు. ఎముక ఇరిగింది గదా?

వచ్చే మొత్తాన్ని అన్నిటికంటే ఎక్కువగా తగ్గించేది ఈ ఒక్క మాటే. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు మొదటి గంటలో చూసింది చూసినట్టు రాస్తారు. అప్పటికి ఎక్స్‌రే ఉండదు, స్కాన్ రిపోర్టు రాదు. తర్వాత ఎముక విరిగిందని తేలినా మొదటి సర్టిఫికెట్ అలాగే ఫైల్లో ఉండిపోతుంది. పోలీసులు దాని ఆధారంగానే చిన్న సెక్షన్లు పెడతారు. పరిహారం ఆఫీసుకూ అదే కాగితం చేరుతుంది.

న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక విరగడం, పన్ను ఊడడం, కన్ను లేదా చెవి పనిచేయకపోవడం, ముఖం శాశ్వతంగా వికారం కావడం తీవ్ర గాయాలే. 15 రోజులు భరించలేని నొప్పితో ఉన్నా, 15 రోజులు తన పని తాను చేసుకోలేకపోయినా అది కూడా తీవ్ర గాయమే. పాత చట్టంలో ఇది 20 రోజులు ఉండేది. అందుకని ఎక్స్‌రే రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ జతచేసి, తుది అభిప్రాయం ఇవ్వమని డాక్టరును కోరుతూ దర్యాప్తు అధికారికి లెటరు ఇవ్వండి. ఆ అభిప్రాయం వచ్చాక సెక్షన్లు మార్చి కోర్టుకు మెమో పంపడం పోలీసులు మామూలుగా చేసే పనే. వైకల్యం మిగిలిపోతే సదరం (వైకల్య నిర్ధారణ) క్యాంపులో పరీక్ష చేయించి శాతం రాయించుకోవాలి. శాతం లేని వైకల్యానికి పరిహారం పట్టికలో చోటు దొరకదు.

ఊర్ల పెద్దమనుషులు రాజీ చేసుకోమంటున్నరు. పైసలు ఇప్పిస్తమంటున్నరు.

హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి, పోక్సో (పిల్లల మీద లైంగిక దాడి) కేసులు చట్టప్రకారం రాజీకి వీలున్నవి కావు. పంచాయితీలో బాండు పేపరు మీద ఏం రాసుకున్నా ఆ కేసు దానితో ముగియదు. ఆ కాగితం మాత్రం రేపు కోర్టులో మీ సాక్ష్యాన్ని దెబ్బతీయడానికి అవతలివాళ్లకు పనికొస్తుంది. పైగా పెద్దమనుషులు ఇప్పిస్తామనే మొత్తం చాలాసార్లు ప్రభుత్వం ఇవ్వాల్సిన దానికంటే తక్కువ. బెదిరింపులు వస్తుంటే సాక్షుల రక్షణ పథకం కింద భద్రత కోరుతూ కోర్టులో దరఖాస్తు వేయవచ్చు.

## ఎవరికి, ఎక్కడి నుంచి, ఎంత

ఈ పైసలు ఎవరిస్తరు? ఏ ఆఫీసుకు పోవాలె?

నిర్ణయించేది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. జడ్జి హోదా ఉన్న కార్యదర్శి దాన్ని నడుపుతారు. 2022 జూన్‌లో కొత్త జిల్లాలకు విడి జిల్లా కోర్టులు వచ్చాయి. కాబట్టి సూర్యాపేట వారు నల్లగొండకు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, నారాయణపేట వారు మహబూబ్‌నగర్‌కు పోవాల్సిన అవసరం లేదు. భువనగిరికీ అంతే. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట వంటి చోట్ల కోర్టుల్లో ఉండే మండల న్యాయ సేవాధికార కమిటీలో దరఖాస్తు ఇచ్చినా జిల్లాకు పంపిస్తారు. నడవలేని స్థితిలో ఉంటే 15100కి ఫోన్ చేసి న్యాయ సాయం చేసే పారా లీగల్ వాలంటీరును పంపమని అడగండి. మహిళలు 181 ద్వారా సఖి (మహిళా సహాయ) కేంద్రం సాయంతో కూడా దరఖాస్తు పెట్టించుకోవచ్చు.

ఆడవాళ్ల కేసులల్ల ఎంతెంత వస్తది?

జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2018లో మహిళా బాధితుల కోసం ఒక పథకం తయారు చేసింది. సుప్రీంకోర్టు ఆమోదంతో అది 2018 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని పట్టికలో ప్రతి వర్గానికీ కనిష్ఠం, గరిష్ఠం ఉన్నాయి:

- ప్రాణం పోతే 5 నుంచి 10 లక్షలు
- సామూహిక అత్యాచారం: 5 నుంచి 10 లక్షలు
- అత్యాచారం: 4 నుంచి 7 లక్షలు
- అత్యాచారం వల్ల గర్భం వస్తే 3 నుంచి 4 లక్షలు
- దాడిలో గర్భం పోతే 2 నుంచి 3 లక్షలు
- యాసిడ్ వల్ల గానీ కాలిన గాయాల వల్ల గానీ ముఖం వికారమైతే 7 నుంచి 8 లక్షలు
- 80 శాతం, అంతకు మించిన శాశ్వత వైకల్యం: 2 నుంచి 5 లక్షలు
- 40 నుంచి 80 శాతం వైకల్యం: 2 నుంచి 4 లక్షలు
- తీవ్రమైన శారీరక గాయం, లేదా చికిత్స అవసరమైన మానసిక గాయం: 1 నుంచి 2 లక్షలు

ఒకే ఘటనలో రెండు మూడు రకాల నష్టం జరిగితే వాటిని కలిపి లెక్కించాలి. అత్యాచారంతో పాటు చెయ్యి విరిగిందనుకోండి, ఆ రెండింటినీ దరఖాస్తులో విడివిడిగా రాయాలి. ఒక్కటే రాస్తే ఒక్కదానికే ఇస్తారు. లైంగిక దాడి, యాసిడ్ దాడి బాధితురాలు మైనరైతే పట్టికలోని మొత్తానికి 50 శాతం ఎక్కువ.

కొట్టింది మొగడే. ఇంటి గొడవకు గూడ వస్తదా?

వస్తుంది. గాయం ఎవరు చేశారన్నది పథకం చూడదు, ఏం జరిగిందన్నది చూస్తుంది. భర్త కొట్టిన దెబ్బకు చెయ్యి విరిగినా, కిరోసిన్ పోసి నిప్పంటించినా అది నేరమే, ఆమె బాధితురాలే. దవాఖానలో "జారిపడ్డాను", "స్టవ్ పేలింది" అని చెబితే మాత్రం తర్వాత దాన్ని సరిదిద్దడం చాలా కష్టం. తోడు వచ్చినవాళ్లను కాసేపు బయట ఉంచమని అడిగి, డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పండి.

మగవాళ్లకు ఏం లేదా?

ఉంది. తెలంగాణ బాధితుల పరిహార పథకం, 2015 అందరికీ వర్తిస్తుంది. హత్యకు గురైన మగవారి మీద ఆధారపడ్డ కుటుంబం, దాడిలో కాలు పోయిన కూలీ, కన్ను పోయిన ఆటో డ్రైవరు దీని కింద అడగాలి. పట్టిక వేరు, మొత్తాలు వేరు. దరఖాస్తు చేరాల్సిన ఆఫీసు మాత్రం అదే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ.

చంపినోళ్లు దొరుకలే. కొన్ని కేసులల్ల కొట్టేస్తున్నరు గూడ. అప్పుడెట్ల?

నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్ ఈ రెండు పరిస్థితులనూ చెప్పింది. నేరస్థుడు ఎవరో తెలియక విచారణే జరగకపోతే, బాధితులు గానీ వారి మీద ఆధారపడినవారు గానీ నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కేసు కొట్టేసినా, నిందితుడిని వదిలేసినా, బాధితులకు ఆసరా అవసరమని అనిపిస్తే కోర్టు పరిహారానికి సిఫారసు చేయవచ్చు. తీర్పు రోజున ఆ సిఫారసు రాయమని పబ్లిక్ ప్రాసిక్యూటరుతో అడిగించండి. అడగకపోతే తీర్పులో ఆ పేరా ఉండకుండా పోయే ప్రమాదం ఉంది. ముఖ్యంగా మహిళలు, పిల్లల మీద శారీరక దాడి కేసుల్లో సెషన్స్ కోర్టులు పరిహారం గురించి ఆదేశం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పింది. ఆ సంగతి వకీలుకు గుర్తుచేయండి.

మా బిడ్డను అత్తగారింట్ల చంపిండ్రు. పైసలు అల్లునికి పోతయా?

చట్టం రాత చూస్తే భయం కలగడం సహజం. ఆధారపడినవారి జాబితాలో భర్త పేరు మొదటే ఉంటుంది. తర్వాత తల్లిదండ్రులు, తాత, నానమ్మ, అమ్మమ్మ, పెళ్లికాని కూతురు, మైనర్ పిల్లలు ఉంటారు. కానీ ఎవరు ఆధారపడ్డారో, ఎవరికి ఎంత పంచాలో నిర్ణయించేది న్యాయ సేవాధికార సంస్థ. ఆ కేసులో భర్తే నిందితుడైతే ఆ సంగతి దరఖాస్తు మొదటి పేరాలోనే రాసి, ఎఫ్‌ఐఆర్‌లో అతని పేరున్న చోట గీత గీసి జతచేయండి.

అసలు చిక్కు పిల్లల దగ్గర వస్తుంది. తల్లి పోయింది, తండ్రి జైల్లో ఉన్నాడు, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉన్నారు. వాళ్ల పేరున ఖాతా తెరవబోతే బ్యాంకులో తండ్రి సంతకం అడుగుతారు. దీనికి ముందే జాగ్రత్త పడాలి. పిల్లలు ఎవరి సంరక్షణలో ఉన్నారో దరఖాస్తులో రాసి, ఆ అమ్మమ్మనే లేదా తాతనే సంరక్షకులుగా పరిహారపు ఉత్తర్వులో పేర్కొనమని కోరండి. పిల్లల స్కూలు బోనఫైడ్, గ్రామ పంచాయతీ కార్యదర్శి ఇచ్చే నివాస పత్రం, బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు ఏది ఉంటే అది జతచేయండి. ఆ ఉత్తర్వు పట్టుకుని పోతే బ్యాంకు మేనేజరుకు ఖాతా తెరవడానికి ఆధారం దొరుకుతుంది.

మేము ఎస్సీలం. తండాలోళ్లకు, చెంచులకు గూడ వేరే పైసలు ఉన్నయంటరు, నిజమేనా?

నిజమే. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల (అట్రాసిటీ) నిరోధక చట్టం కింద, 1995 నియమాల ప్రకారం ఇచ్చే సాయం ఇది. 2016లో మొత్తాలు పెంచారు. నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల వరకు ఉంటుంది. దీన్ని మంజూరు చేసేది కలెక్టరు. నేరం చేసినవారు ఎస్సీ, ఎస్టీలు కానప్పుడే ఇది వర్తిస్తుంది.

డబ్బు విడతలుగా వస్తుంది. హత్య జరిగితే 8.25 లక్షల్లో సగం పోస్టుమార్టం తర్వాత, మిగతా సగం చార్జిషీటు కోర్టుకు చేరాక ఇస్తారు. అత్యాచారంలో 5 లక్షలు: సగం వైద్య పరీక్ష నివేదిక వచ్చాక, పావు వంతు చార్జిషీటు మీద, మిగతా పావు విచారణ ముగిశాక. కులం పేరుతో దూషించిన కేసుల్లో లక్ష రూపాయలు: 25 శాతం ఎఫ్‌ఐఆర్ దశలో, 50 శాతం చార్జిషీటు తర్వాత, చివరి 25 శాతం శిక్ష పడ్డాక.

హత్య కేసుల్లో చాలామంది డబ్బుతోనే ఆగిపోతున్నారు. మరణించినవారి భార్యకు లేదా ఆధారపడినవారికి నెలకు 5,000 రూపాయల మూల పింఛను, దాని మీద కరవు భత్యం ఉన్నాయి. ఇంట్లో ఒకరికి ఉద్యోగం, వ్యవసాయ భూమి, ఇల్లు, పిల్లలకు డిగ్రీ దాకా చదువు ఖర్చు కూడా ఆ నియమాల్లోనే ఉన్నాయి. మూడు నెలలకు సరిపడా బియ్యం, పప్పు, గిన్నెలు కూడా ఇవ్వాలి. వీటిని విడిగా రాసి అడగాలి. ఒక్క దరఖాస్తులో "న్యాయం చేయగలరు" అని ముగిస్తే ఏ సెక్షన్ క్లర్కూ వాటిని ఫైల్లో కదిలించరు.

పని జరిగే చోటు జిల్లా షెడ్యూల్డ్ కులాల అభివృద్ధి అధికారి ఆఫీసు. ఎస్టీలకైతే గిరిజన సంక్షేమ ఆఫీసు, నల్లమల చెంచులకు మన్ననూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ). ఎఫ్‌ఐఆర్‌లో ఈ చట్టం సెక్షన్లు లేకపోతే సాయం రాదు. మొదట చేర్చకపోయి ఉంటే కుల ధ్రువపత్రం ఇచ్చి చేర్పించండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. విడత ఆగిపోతే మూడు నెలలకోసారి జరగాల్సిన జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ సమావేశానికి క్రైమ్ నంబరుతో ఒక పేజీ అర్జీ ఇవ్వండి. ఈ సాయం తీసుకున్నందువల్ల ఇతర చట్టాల కింద పరిహారం అడిగే హక్కు పోదు.

చిన్నపిల్ల మీద జరిగింది. పోక్సో కేసుల పైసలు ఎవరిని అడగాలె?

పోక్సో ప్రత్యేక కోర్టును. ఎఫ్‌ఐఆర్ అయిన తర్వాత ఏ దశలోనైనా మధ్యంతర (కేసు తేలకముందే ఇచ్చే) పరిహారం ఇవ్వమని కోరవచ్చు, కోర్టు తనంతట తానుగానూ ఇవ్వవచ్చు. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో ప్రభుత్వం చెల్లించాలని 2020 పోక్సో నియమాల్లో ఉంది. మగపిల్లలకూ ఇదే వర్తిస్తుంది. తిండి, బట్టలు, దవాఖానకు పోయే చార్జీలు వంటి తక్షణ ఖర్చులకు బాలల సంక్షేమ కమిటీ సిఫారసు చేస్తే వారం లోపల డబ్బు ఇవ్వాలి. ఈ చిన్న సాయం గురించి చాలా కుటుంబాలకు ఎవరూ చెప్పరు. 1098కి ఫోన్ చేసినా కమిటీతో కలుపుతారు.

బొంబాయిల పనికి పోయినప్పుడు దాడి జరిగింది. ఇప్పుడు ఊర్ల ఉన్నం. ఈడ అడుగొచ్చా?

నేరం ఏ రాష్ట్రంలో జరిగిందో ఆ రాష్ట్రమే పరిహారం ఇవ్వాలి. మహారాష్ట్రలో జరిగితే అక్కడి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, కర్నూలులో జరిగితే ఆంధ్రప్రదేశ్. అయితే మీరు అక్కడికి పరుగెత్తాల్సిన పని లేదు. కేసే కాకపోతే ఊళ్లో ఉన్న ఠాణాలో జీరో ఎఫ్‌ఐఆర్ చేయించండి. దరఖాస్తును ఇక్కడి న్యాయ సేవాధికార సంస్థ ద్వారా అక్కడికి పంపించమని కోరండి. ఒడిశా, బీహార్ నుంచి మన జిల్లాల ఇటుక బట్టీలకు, మిల్లులకు వచ్చినవారి మీద ఇక్కడ నేరం జరిగితే వారికి ఇక్కడే రావాలి. తెలంగాణ ఆధార్ లేదని వెనక్కి పంపడం తప్పు.

బండి గుద్ది పారిపోయిండు. అది గూడ దీని కిందికే వస్తదా?

రాదు. గుర్తు తెలియని వాహనం ఢీకొన్న ప్రమాదాలకు మోటారు వాహనాల చట్టం కింద వేరే పథకం ఉంది. 2022 ఏప్రిల్ 1 తర్వాతి ఘటనల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. దరఖాస్తు ఆర్డీవోకు ఇవ్వాలి. కావాలని బండితో గుద్ది చంపినట్టు హత్య కేసు నమోదైతే మాత్రం బాధితుల పరిహార పథకం వర్తిస్తుంది.

## దరఖాస్తు పెట్టేటప్పుడు

ఏమేం కాగితాలు కావాలె?

ఫారం, ఎఫ్‌ఐఆర్ నకలు, వైద్య కాగితాలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ. మరణమైతే పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. తీర్పు వచ్చి ఉంటే దాని నకలు. ఏదైనా ఇంకా చేతికి రాకపోతే దాని కోసం ఆగకండి, "తర్వాత సమర్పిస్తాం" అని రాసి దరఖాస్తు ఇచ్చేయండి. పోస్టుమార్టం రిపోర్టును ఆఫీసు వారే పోలీసుల నుంచి తెప్పించుకోగలరు.

ఆగిపోయే ఫైళ్లు ఎక్కువగా రెండు చోట్ల ఆగుతాయి. ఒకటి పేరు. ఎఫ్‌ఐఆర్‌లో "ఎల్లమ్మ", ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి "యల్లమ్మ", పాస్‌బుక్కులో మొదటి అక్షరంతో ఇంకో రకం. ముగ్గురూ ఒక్కరే అని నోటరీ అఫిడవిట్ ముందే జతచేయండి. రెండోది బ్యాంకు. మన రెండు ఉమ్మడి జిల్లాల్లోని ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. పాత పాస్‌బుక్కులో ఉన్న ఐఎఫ్‌ఎస్‌సీ కోడే రాసిస్తే డబ్బు వెనక్కి పోవచ్చు. శాఖకు పోయి ఇప్పటి కోడ్‌తో కొత్త పేజీ ముద్రించుకోండి. కేవైసీ పూర్తికాని చిన్న జనధన్ ఖాతాలో నిల్వ 50 వేలు దాటకూడదన్న పరిమితి ఉంటుంది. లక్షలు పడాల్సిన ఖాతా కాబట్టి ముందే మామూలు పొదుపు ఖాతాగా మార్పించండి.

దరఖాస్తు ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద తేదీతో ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. దరఖాస్తును తేల్చడానికి ఆఫీసుకు ఉన్న గడువు ఆ తేదీ నుంచే లెక్క.

ఫీజు ఎంత? వకీలును పెట్టుకోవాలెనా?

ఫీజు లేదు. వకీలూ తప్పనిసరి కాదు. కావాలంటే మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. "మంజూరు చేయిస్తా, పది శాతం ఇవ్వు" అనేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఖాళీ చెక్కు, సంతకం పెట్టిన విత్‌డ్రా ఫారం, ఏటీఎం కార్డు ఎవరి చేతికీ పోకూడదు.

ఎన్ని రోజుల లోపల పెట్టుకోవాలె? మాది జరిగి నాలుగేండ్లయింది.

మహిళల పథకంలో నేరం జరిగిన రోజు నుంచి గానీ, కోర్టు విచారణ ముగిసిన రోజు నుంచి గానీ మూడేళ్లు. కేసు ఇంకా నడుస్తుంటే మీ గడువు దాటలేదు. దాటినా తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఉంది. దీర్ఘకాల చికిత్స, బెదిరింపులు, వలస, ఈ పథకం గురించి ఎవరూ చెప్పకపోవడం వంటివి కారణాలుగా రాసి, ఉన్న ఆధారాలు పెట్టండి.

పేరు బయటికొస్తదేమో అని భయం. ఊర్ల తెలుస్తదా?

లైంగిక దాడి బాధితుల వివరాలు బయటపెట్టడం న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల వరకు జైలు. విచారణకు పోలీసులు ఊళ్లోకి యూనిఫాంలో రావద్దని, ఫోన్ చేసి సఖి కేంద్రంలో గానీ కోర్టు ఆవరణలో గానీ మాట్లాడమని దరఖాస్తులోనే రాయండి.

## విచారణ, ఉత్తర్వు

రేపటి మందులకే పైసలు లేవు. అర్జెంటుగా ఏమన్న ఇస్తరా?

ఇస్తారు. మహిళల పథకం ప్రకారం దరఖాస్తు అందగానే 5,000 నుంచి 10,000 రూపాయల వరకు ముందుగా ఇవ్వాలి. ఆ తర్వాత మధ్యంతర సాయం ఇస్తే అది ఆ వర్గపు గరిష్ఠ మొత్తంలో 25 శాతానికి తగ్గకూడదు. అత్యాచార కేసులో గరిష్ఠం 7 లక్షలు కాబట్టి మధ్యంతరం కనీసం 1 లక్షా 75 వేలు అవుతుంది. మధ్యంతర సాయం మొత్తం చేతికే ఇవ్వాలి, డిపాజిట్లో పెట్టకూడదు. కానీ ఇది అడిగిన వారికే అందుతున్నది ఎక్కువ. ఫారంతో పాటు "మధ్యంతర పరిహారం కోరుట" అనే శీర్షికతో వేరే కాగితం పెట్టండి. చికిత్స అంచనా, అప్పుల వివరం, పని పోయిన రోజులు అందులో రాయండి.

యాసిడ్ దాడికి గడువులు వేరే ఉన్నయా?

ఉన్నాయి. సుప్రీంకోర్టు 2013లో యాసిడ్ బాధితులకు కనీసం 3 లక్షలు ఇవ్వాలని ఆదేశించింది. అందులో లక్ష 15 రోజుల్లో అందాలి, మిగతా 2 లక్షలు ఆ తర్వాత రెండు నెలల్లో. దీనికి అదనంగా ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి నుంచి ఇంకో లక్ష వస్తుంది. చర్మం మార్పిడి ఆపరేషన్లు ఏళ్ల తరబడి సాగుతాయి కాబట్టి మొదటి ఉత్తర్వుతో ఫైలు మూసేయకుండా, ప్రతి కొత్త ఆపరేషన్ కాగితాన్నీ ఆఫీసుకు ఇస్తూ ఉండండి.

ఎంక్వయిరీల ఏం చూస్తరు? ఎన్ని దినాలు పడ్తది?

నేరం జరిగిందా, నష్టం ఎంత, చికిత్స ఖర్చు ఎంత, చదువు లేదా కూలి ఎన్నాళ్లు పోయింది, కుటుంబ పరిస్థితి ఏమిటి, వైకల్యం ఉందా, గర్భం వచ్చిందా అన్నవి చూస్తారు. అదే ఘటనకు ఇతర పథకాల కింద వచ్చిన డబ్బునూ లెక్కలోకి తీసుకుంటారు. అది దాచకుండా రాయండి. 60 రోజుల్లో తేల్చాలి. ఆలస్యం ఎక్కువగా పోలీసు నివేదిక దగ్గరే అవుతుంది. నెల దాటాక ఆఫీసులో "నివేదిక అడుగుతూ లెటరు ఏ తేదీన పోయింది?" అని అడిగి, ఆ తేదీ, నంబరుతో ఠాణాకు పోండి. ఉత్తి చేతులతో పోతే "ఇంకా రాలేదు" అనే మాటే వస్తుంది.

తక్కువ ఇచ్చిండ్రు. ఇంకేం చేయలేమా?

హైదరాబాద్‌లోని రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకు 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఏ గాయాన్ని లెక్కలోకి తీసుకోలేదో, ఏ కాగితం చూడలేదో పేరు పెట్టి చెప్పాలి.

## డబ్బు వచ్చేటప్పుడు

అన్ని పైసలు ఒక్కసారే చేతికిస్తరా?

మహిళల పథకంలో తుది మొత్తంలో 25 శాతం ఖర్చులకు ఖాతాలో వేస్తారు, 75 శాతం కనీసం మూడేళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్. 4 లక్షలు మంజూరైతే లక్ష చేతికి, 3 లక్షలు డిపాజిట్‌కు. మైనర్లకు 80 శాతం డిపాజిట్, 18 ఏళ్లు నిండేదాకా, కనీసం మూడేళ్లు. వడ్డీ నెలనెలా పొదుపు ఖాతాలో పడాలి. బ్యాంకులు కొన్నిసార్లు అలవాటుగా వడ్డీని అసలుకే కలిపే రకం డిపాజిట్ రాసేస్తాయి, రశీదు మీద ఆ మాట చూసుకోండి. చదువుకు, ఆపరేషన్‌కు ముందే అవసరమైతే ఫీజు రశీదు, డాక్టరు అంచనాతో న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టి కొంత తీసుకోవచ్చు.

ఆర్డర్ వచ్చి నెలలయింది. ఖాతాల పైసలు పడలే.

ముందు ఖాతా తప్పా, నిధి రాలేదా అన్నది తేల్చుకోవాలి. చెల్లింపు వెనక్కి వచ్చిందా అని ఆఫీసులో అడగండి. వచ్చి ఉంటే కొత్త పాస్‌బుక్కు పేజీ ఇస్తే సరిపోతుంది. ప్రభుత్వం నుంచి నిధి విడుదల కాలేదంటే, ఉత్తర్వు నకలు జతచేసి రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ సభ్య కార్యదర్శికి రాయండి. అప్పటికీ రాకపోతే హైకోర్టులో రిట్ వేయడానికి ఉచిత వకీలును హైకోర్టు న్యాయ సేవల కమిటీ ఇస్తుంది. నిధి లేదన్న కారణంతో మీ హక్కు రద్దు కాదు.

కేసు ఓడిపోతే ఇచ్చిన పైసలు మళ్ల కట్టాల్నా?

నిందితుడు విడుదలైనంత మాత్రాన కట్టనక్కర్లేదు. కేసు కొట్టేసినా పరిహారం సిఫారసు చేయవచ్చని చట్టమే చెబుతోంది కదా. ఆ డబ్బును నేరం చేసినవాడి నుంచి రాబట్టుకునే అధికారం ప్రభుత్వ సంస్థకు ఉంది, బాధితుల నుంచి కాదు. అయితే డబ్బు తీసుకుని కోర్టులో "అసలేమీ జరగలేదు" అని సాక్ష్యం తిరగేసిన కేసుల్లో, పరిహారం వెనక్కి ఇవ్వాలని హైకోర్టులు ఆదేశించిన సందర్భాలు దేశంలో ఉన్నాయి. రాజీ కోసం ఒత్తిడి చేసేవారు ఈ సంగతి మీకు చెప్పరు. సాక్ష్యానికి పిలుపు వచ్చినప్పుడు పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం నకలును ప్రాసిక్యూటరు దగ్గర ముందురోజే చదివించుకుని పోండి.